అమ్మకం ఒక లెక్క, వసూలు మరో లెక్క: బాకీల రాబడిని కొలిచే తీరు

గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న పురుగుమందుల హోల్‌సేల్ వ్యాపారి ఖాతా పుస్తకాన్ని సెప్టెంబరు నెలాఖరున తెరిస్తే, పార్టీల నుంచి రావలసిన బాకీ చాలా ఎత్తున కనిపిస్తుంది. జూన్‌లో తొలకరి పడ్డాక పత్తికీ మిరపకూ మందుల అమ్మకం ఊపందుకుంటుంది. పల్లెల్లోని డీలర్లు సరుకును అరువుకు తీసుకుంటారు. రైతులకూ చాలావరకు అరువుకే ఇస్తారు. పత్తి తీతలు అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి, కొత్త మిరప యార్డుకు జోరుగా చేరేది సంక్రాంతి దాటాకే. డబ్బు రైతు నుంచి డీలరుకూ, డీలరు నుంచి హోల్‌సేల్ వ్యాపారికీ తిరిగి రావడం ఆ తర్వాతి మాట. ఇలాంటి వ్యాపారంలో బాకీలు పెరిగాయి కాబట్టి వసూళ్లు బాగాలేవని సెప్టెంబరులో తీర్పు చెప్పడం ఎంత పొరపాటో, బాకీలు తగ్గాయి కాబట్టి వసూళ్లు బాగున్నాయని డిసెంబరులో సంతోషించడమూ అంతే పొరపాటు. పెరిగినది అమ్మకమే కావచ్చు, తగ్గినదీ అమ్మకమే కావచ్చు. వసూలు పని ఎంత బాగా జరుగుతోందో తెలియాలంటే ముందుగా అమ్మకాల హెచ్చుతగ్గులను ఆ లెక్కలోంచి తప్పించాలి. ఎక్కువ మంది నమ్ముకున్న కొలమానం సరిగ్గా ఈ పనే చేయలేదు.

ఆ కొలమానం పేరు డేస్ సేల్స్ ఔట్‌స్టాండింగ్. వ్యాపార వర్గాల్లో డీఎస్‌ఓ అనే పిలుస్తారు. సగటు వసూలు కాలం అని తెలుగులో చెప్పుకోవచ్చు. త్రైమాసికం చివర మిగిలిన బాకీని ఆ త్రైమాసికపు అరువు అమ్మకంతో భాగించి, అందులోని రోజుల సంఖ్యతో హెచ్చిస్తే ఇది వస్తుంది. ఎన్ని రోజుల అమ్మకపు డబ్బు ఇంకా బయట ఉందో ఇది చెబుతుంది. లెక్క తేలిక, ఫలితం రోజుల్లో వస్తుంది కాబట్టి అర్థం చేసుకోవడమూ తేలిక. అందుకే బ్యాంకుల వారు, ఆడిటర్లు, షేర్ల విశ్లేషకులు దీన్నే ముందు చూస్తారు. ఏడాది పొడవునా అమ్మకం ఒకే తీరుగా సాగే వ్యాపారంలో దీనితో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా సీజన్ ఉన్న వ్యాపారంలోనూ, వేగంగా పెరుగుతున్న లేదా తగ్గిపోతున్న వ్యాపారంలోనూ వస్తుంది.

ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. ఒక హోల్‌సేల్ వ్యాపారి 60 రోజుల గడువుతో సరుకు ఇస్తాడు. ఏప్రిల్ 1 నాటికి అతనికి రావలసింది 80 లక్షల రూపాయలు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు 150 లక్షల అరువు అమ్మకం జరిగింది. జూన్ 30న బాకీ 140 లక్షలు, అందులో ఇంకా గడువు తీరనిది 115 లక్షలు, గడువు దాటినది 25 లక్షలు. జూలై నుంచి సెప్టెంబరు వరకు అమ్మకం 300 లక్షలకు చేరింది. సెప్టెంబరు 30న బాకీ 250 లక్షలు, అందులో గడువు తీరనిది 185 లక్షలు, దాటినది 65 లక్షలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అమ్మకం 120 లక్షలకు తగ్గింది. డిసెంబరు 31న బాకీ 118 లక్షలు, గడువు తీరనిది 80 లక్షలు, దాటినది 38 లక్షలు. డీఎస్‌ఓ కడితే మూడు త్రైమాసికాలకు వరుసగా 85, 77, 90 రోజులు వస్తాయి. ఈ అంకెలను మాత్రమే చూసినవారు వర్షాకాలంలో వసూళ్లు మెరుగుపడ్డాయనీ, చలికాలంలో చెడిపోయాయనీ అనుకుంటారు. నిజంగా జరిగింది దానికి పూర్తిగా ఎదురు. గడువు దాటిన బాకీ వర్షాకాలంలో 25 నుంచి 65 లక్షలకు పెరిగింది, చలికాలంలో 38 లక్షలకు తగ్గింది. భారీ అమ్మకం హారంలో చేరి మొదటి చెడును కప్పిపుచ్చింది; తగ్గిన అమ్మకం అదే హారంలో చేరి తర్వాతి మంచిని చెడుగా చూపింది.

ఈ లోపాన్ని సరిచేయడానికి వాడుకలోకి వచ్చిన కొలమానం కలెక్షన్ ఎఫెక్టివ్‌నెస్ ఇండెక్స్, అంటే వసూలు సామర్థ్య సూచీ. ఇది రోజులను లెక్కపెట్టదు. ఈ కాలంలో వసూలు కావలసింది ఎంత, అందులో అయింది ఎంత అని సూటిగా అడుగుతుంది. తొలి బాకీకి ఆ కాలపు అరువు అమ్మకాన్ని కలిపి, అందులోంచి ముగింపు బాకీ మొత్తాన్ని తీసేస్తే మిగిలేది వసూలైన సొమ్ము, ఇది లవం. అదే కూడికలోంచి ముగింపు బాకీలో గడువు తీరని భాగాన్ని మాత్రమే తీసేస్తే మిగిలేది వసూలు కావలసిన సొమ్ము; ఇది హారం. లవాన్ని హారంతో భాగించి 100తో హెచ్చిస్తే సూచీ వస్తుంది. గడువు దాటిన బాకీ ఒక్క రూపాయి కూడా లేకపోతే లవహారాలు సమానమై 100 శాతం వస్తుంది. అంతకు మించి రాదు. ఇంకా అడగడానికి వీల్లేని బిల్లులను హారంలోంచి తప్పించడమే ఇందులోని కీలకం. మొన్న అమ్మిన సరుకు డబ్బు ఇవాళ రాలేదని వసూలు చేసే మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదు కదా.

పై ఉదాహరణకు దీన్ని వర్తింపజేస్తే, మొదటి త్రైమాసికంలో వసూలు కావలసింది 115 లక్షలు, అయింది 90 లక్షలు; సూచీ 78.3 శాతం. రెండో దానిలో 255 లక్షలకు 190 లక్షలు, 74.5 శాతం. మూడో దానిలో 290 లక్షలకు 252 లక్షలు, 86.9 శాతం. డీఎస్‌ఓ మెరుగుపడిన చోట సూచీ పడింది, అది దిగజారిన చోట సూచీ లేచింది. రెండింటిలో గడువు దాటిన బాకీల నడకతో సరిపోలుతున్నది సూచీయే.

డీఎస్‌ఓకే ఒక సవరణ చేసి సరిపెట్టుకునే పద్ధతి కూడా ఉంది. గడువు తీరని బాకీతో మాత్రమే డీఎస్‌ఓ కట్టి, దాన్ని అసలు డీఎస్‌ఓ నుంచి తీసేస్తారు. మిగిలిన రోజులను సగటు జాప్యంగా చూపుతారు. తీసివేత జరిగింది కాబట్టి అమ్మకాల ప్రభావమూ పోయిందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. రెండు డీఎస్‌ఓలకూ హారం అదే అమ్మకం కాబట్టి, తీసివేత తర్వాత మిగిలేది గడువు దాటిన బాకీని ఆ అమ్మకంతో భాగించి రోజులతో హెచ్చించిన సంఖ్యే. మన వ్యాపారికి ఈ సగటు జాప్యం సెప్టెంబరులో దాదాపు 20 రోజులు, డిసెంబరులో దాదాపు 29 రోజులు. గడువు దాటిన బాకీ 65 నుంచి 38 లక్షలకు పడిపోయినా జాప్యం పెరిగినట్టే కనిపిస్తుంది. ముగింపు బాకీలోంచి చివరి నెల అమ్మకాన్ని, తర్వాత అంతకు ముందు నెల అమ్మకాన్ని వరుసగా తీసేస్తూ వెనక్కి రోజులు లెక్కించే పద్ధతి ఇంతకంటే మేలు. సీజన్ వ్యాపారాలకు డీఎస్‌ఓయే కావాలనుకుంటే ఆ పద్ధతిలో కట్టడం మంచిది.

అయితే వసూలు సామర్థ్య సూచీకి కూడా తనవైన లోపాలున్నాయి. వాటిని చెప్పకుండా దీన్ని సిఫారసు చేయడం ఒక తప్పు కొలతను తీసేసి మరో తప్పు కొలతను చేతికివ్వడమే అవుతుంది. అన్నిటికంటే ముందు చూడవలసింది కాలవ్యవధి. మన వ్యాపారి తొమ్మిది నెలలకు ఒకేసారి సూచీ కట్టాడనుకుందాం. తొలి బాకీ 80 లక్షలు, అమ్మకం 570 లక్షలు, ముగింపు బాకీ 118 లక్షలు, గడువు తీరనిది 80 లక్షలు. వసూలు కావలసింది 570 లక్షలు, అయింది 532 లక్షలు, సూచీ 93.3 శాతం. ఏ త్రైమాసికంలోనూ 87 శాతం దాటని వ్యాపారం తొమ్మిది నెలలు కలిపేసరికి 93 శాతం దాటింది. ఇందులో మోసమేమీ లేదు. వ్యవధి పొడవైన కొద్దీ మధ్యలో అమ్ముడై, ఆలస్యంగానైనా వసూలైన సొమ్ము లవహారాలు రెండింటిలోనూ చేరి ముగింపు నాటి జాప్యాన్ని చిన్నదిగా చేస్తుంది. జూలైలో రావలసింది సెప్టెంబరులో వచ్చినా ఏడాది లెక్కలో అది సకాలంలో వచ్చినట్టే. అందుకే ఒక సంస్థ ఏడాది సూచీని మరో సంస్థ నెల సూచీతో పోల్చడానికి వీల్లేదు, 80 శాతం దాటితే మంచిదని వ్యవధి చెప్పకుండా గీత గీయడానికీ వీల్లేదు. ఈ ఏడాది జూలై–సెప్టెంబరును నిరుటి జూలై–సెప్టెంబరుతో పోల్చడమే సీజన్ వ్యాపారికి పనికొచ్చే పోలిక.

రెండో లోపం లవంలో ఉంది. తొలి బాకీకి అమ్మకం కలిపి ముగింపు బాకీ తీసేస్తే వచ్చేది బాకీలోంచి తగ్గిన మొత్తమే గాని, చేతికొచ్చిన నగదు కాకపోవచ్చు. విత్తనాలు, పురుగుమందుల వ్యాపారంలో సీజన్ చివర అమ్ముడుపోని సరుకును డీలర్లు తిరిగి పంపుతారు. వాటి విలువను బాకీలోంచి తగ్గిస్తూ క్రెడిట్ నోట్లు వేస్తారు. రాని బాకీని కొందరు ఏడాది చివర రద్దు చేస్తారు. రెండూ బాకీని తగ్గిస్తాయి, రెండూ గుడ్డి లెక్కలో వసూలుగా చేరిపోతాయి. కానీ వీటిని ఒకే గాటన కట్టకూడదు. మన వ్యాపారి మూడో త్రైమాసికపు 252 లక్షల్లో 22 లక్షలు వెనక్కి వచ్చిన సరుకు అయితే, ఆ అమ్మకమే జరగనట్టు కాబట్టి లవంలోంచీ హారంలోంచీ తీసేయాలి, సూచీ 85.8 శాతం అవుతుంది. అదే 22 లక్షలు రద్దు చేసిన మొండి బాకీ అయితే, అది వసూలు కావలసిందే, కాలేదు. లవంలోంచి మాత్రమే తీసేయాలి. అప్పుడు సూచీ 79.3 శాతానికి దిగుతుంది. అలా తీసేయకపోతే మాత్రం ఎంత ఎక్కువ బాకీ వదులుకుంటే వసూలు అంత బాగున్నట్టు కనిపిస్తుంది.

ముందు తేదీ వేసి ఇచ్చిన చెక్కుల విషయమూ ఇలాంటిదే. చెక్కు చేతికందగానే పార్టీ ఖాతాలో జమ రాసే అలవాటు చాలా చోట్ల ఉంది. చెక్కు పాసయ్యేదాకా అది వసూలు కాదు. చెల్లకపోతే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలని, నోటీసు అందాక 15 రోజులు చెల్లింపుకు గడువుండాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను పెట్టిన మెట్లన్నీ ఎక్కవలసి వస్తుంది. బిల్లుల డిస్కౌంటింగు మరో సంగతి. రిజర్వు బ్యాంకు 2014లో ఇచ్చిన మార్గదర్శకాలతో ఏర్పడిన ట్రెడ్స్ వేదికల మీద చిన్న పరిశ్రమలు తమ బిల్లులను బ్యాంకులకు, ఫైనాన్స్ సంస్థలకు అమ్ముకోవచ్చు. కొనుగోలుదారు ఎగ్గొట్టినా అమ్మినవారి మీదికి బాధ్యత తిరిగి రాదు కాబట్టి ఆ బాకీ పుస్తకాల్లోంచి వెళ్లిపోతుంది. నగదు అవసరం తీరుతుంది, సూచీ లేస్తుంది. పార్టీల చెల్లింపు అలవాటు మారిందా అన్న ప్రశ్నకు మాత్రం ఆ పెరుగుదలలో జవాబు ఉండదు. అమ్మేసిన బిల్లుల మొత్తాన్ని పక్కన విడిగా చూపడం అందుకే అవసరం.

లెక్క మొదలయ్యే చోటే జరిగే మరో పొరపాటును కూడా ఇక్కడే చెప్పాలి. పార్టీ నుంచి రావలసిన బాకీలో జీఎస్టీ కలిసి ఉంటుంది. అమ్మకాల ఖాతాలో ఉండదు. రసాయన పురుగుమందుల మీద పన్ను 18 శాతం. పన్ను కలిసిన బాకీని పన్ను లేని అమ్మకంతో జోడించి లెక్క కడితే డీఎస్‌ఓ ఎక్కువగా వస్తుంది. సూచీలో వసూలైన సొమ్మూ, వసూలు కావలసిన సొమ్మూ రెండూ తప్పుతాయి. బిల్లు మొత్తాన్నే అమ్మకంగా తీసుకోవాలి. పైగా ఈ పన్ను వసూలయ్యేదాకా ఆగదు. జూలై 5న 60 రోజుల గడువుతో వేసిన బిల్లు డబ్బు రావలసింది సెప్టెంబరు 3న. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్ (తన కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్ను) పోను మిగిలిన పన్నును ఆగస్టు 20లోగా కట్టాలి. అరువు అమ్మకంలో సరుకు విలువతో పాటు పన్నుకూ వ్యాపారే పెట్టుబడి పెడుతున్నాడు.

మూడో లోపం గడువు తీరనిది అన్న మాటకు చెప్పుకునే అర్థంలో ఉంది, నిజానికి సూచీని తారుమారు చేయడానికి అన్నిటికంటే సులువైన దారి ఇదే. సెప్టెంబరు 30న గడువు దాటిన 65 లక్షల్లో 30 లక్షల బిల్లులకు వ్యాపారి మరో నెల గడువు పెంచాడనుకుందాం. కొత్తగా ఒక్క రూపాయి రాలేదు. అయినా గడువు తీరనిది 215 లక్షలకు పెరిగి, వసూలు కావలసింది 225 లక్షలకు తగ్గి, సూచీ 74.5 నుంచి 84.4 శాతానికి ఎగబాకుతుంది. సేల్స్‌మన్ల ప్రోత్సాహకాన్ని ఈ సూచీకి ముడిపెట్టి, గడువు పెంచే అధికారాన్నీ వారికే వదిలిన సంస్థలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. గడువును అసలు బిల్లు తేదీ నుంచే లెక్కించాలి. పెంచిన గడువులను విడి పట్టికలో రాయాలి.

బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్ల విషయంలో ఈ గడువుకు చట్టమే హద్దు పెట్టింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 15వ సెక్షను ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థకు 45 రోజులకు మించి గడువు పెట్టడానికి కొనుగోలుదారుకు వీల్లేదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలవారీ చక్రవడ్డీతో కట్టాలని 16వ సెక్షను చెబుతోంది. 2023 ఆర్థిక చట్టం మరో మెలిక పెట్టింది: ఆ గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోగలడు. కొనుగోలుదారు ఆర్డరు మీద 90 రోజులని అచ్చు వేసుకున్నా, ఆ చిన్న యూనిట్ తన సూచీలో 46వ రోజు నుంచే ఆ బిల్లును గడువు దాటినదిగా చూపాలి. చట్టం ఇచ్చిన హక్కును కనీసం సొంత లెక్కలోనైనా వదులుకోకూడదు. మన పురుగుమందుల వ్యాపారికి మాత్రం ఈ రక్షణ లేదు. కేవలం కొని అమ్మే వర్తకులకు 2021లో ఉద్యమ్ నమోదుకు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) అవకాశం ఇచ్చినా, దాన్ని ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేశారు.

సూచీకి వయసు తెలియదన్నది నాలుగో లోపం. అయిదు రోజులు దాటిన లక్షా, రెండేళ్లుగా రాని లక్షా దానికి ఒకటే. కాబట్టి బాకీలను వయసుల వారీగా విడదీసిన పట్టిక పక్కన లేకుండా సూచీని చదవకూడదు. ఆ పట్టికలో 30, 60, 90 రోజుల గీతలు గీయడం ఆనవాయితీ. వీటిలో 90కి నిజమైన అర్థముంది, ఎందుకంటే అంతకు మించిన బాకీలను బ్యాంకులు సాధారణంగా డ్రాయింగ్ పవర్ (బాకీలనూ సరుకునూ చూసి వాడుకోనిచ్చే రుణ పరిమితి) లెక్కలోకి తీసుకోవు. ఇంకో రెండు గీతలు కూడా తప్పక ఉండాలి. ఒకటి బిల్లు తేదీ నుంచి 180 రోజులు: అప్పటికీ డబ్బు చెల్లించని కొనుగోలుదారు తాను వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలని జీఎస్టీ చట్టం చెబుతుంది. దాన్ని గుర్తుచేస్తూ 150వ రోజున రాసే ఒక్క ఉత్తరం పది ఫోన్ కాల్స్ కంటే బాగా పనిచేస్తుంది. రెండోది మూడేళ్లు: 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఆ తర్వాత దావా వేయడానికి కాలదోషం అడ్డొస్తుంది. ఆలోగా పార్టీ సంతకంతో బాకీని ఒప్పుకుంటే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఏటా మార్చి 31 నాటి నిల్వను నిర్ధారిస్తూ పార్టీ చేత సంతకం పెట్టించుకునే కాగితాన్ని ఆడిటర్ల కోసం చేసే తంతుగా తీసిపారేసేవారు ఈ సంగతి మరచిపోతారు.

కంపెనీల విషయంలో ఈ వయసుల పట్టిక బయటివారికీ అందుబాటులో ఉంది. కంపెనీల చట్టం మూడో షెడ్యూలుకు 2021లో చేసిన సవరణతో, ఆరు నెలల లోపు, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, ఆపైన అని అయిదు వయసులుగా, వివాదంలో ఉన్నవీ లేనివీ వేరుచేసి బాకీలను వార్షిక నివేదికలో చూపాలి. గడువు తీరని మొత్తాన్ని విడిగా ఇచ్చిన నివేదికల నుంచి ఏడాది సూచీని ఎవరైనా కట్టుకోవచ్చు. మార్చి నెలాఖరులో వసూళ్ల మీద అందరూ పెట్టే ఒత్తిడి వల్ల ఆ ఒక్క రోజు చిత్రం ఏడాదంతటి చిత్రం కంటే అందంగా ఉంటుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

వార్తల్లో తరచూ కనిపించే మరో మాట వసూలు సామర్థ్యం. విద్యుత్ పంపిణీ సంస్థలకూ, సూక్ష్మరుణ సంస్థలకూ దీన్ని వాడతారు. పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే కొలత. ఏడాదిలో వచ్చిన సొమ్మును ఆ ఏడాది వేసిన బిల్లులతో భాగిస్తే వచ్చేది ఇది. పాత బకాయిలు ఒక్కసారిగా వస్తే 100 శాతం దాటిపోతుంది కూడా. ప్రభుత్వ శాఖల పాత కరెంటు బిల్లులు ఒకే విడత చెల్లించిన ఏడాదిలో డిస్కమ్ వసూళ్లు అద్భుతంగా కనిపించడం, మరుసటి ఏడాది మామూలు స్థితికి పడిపోవడం ఈ లెక్కలో సహజం. వసూలు సామర్థ్య సూచీలో పాత బాకీ హారంలోనూ ఉంటుంది కాబట్టి అలాంటి ఎగుడుదిగుడు తక్కువ.

ఇన్ని కొలతలకూ ఆధారం ఒక్క చిన్న పని మీద ఉంది: వచ్చిన ప్రతి రూపాయినీ ఏ బిల్లుకు జమ కట్టారు? ఊరి డీలరు 5 లక్షలు పంపి, ఏ బిల్లుకో చెప్పడు. గుమాస్తా ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆన్ అకౌంట్ అని, అంటే ఏ బిల్లుకూ ముడిపెట్టకుండా, నమోదు చేసి వదిలేస్తాడు, లేదా తనకు తోచిన బిల్లుకు సర్దుతాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 59 నుంచి 61 సెక్షన్లు దీనికి వరుస పెట్టాయి: బాకీదారు ఏ బిల్లుకని చెబితే దానికే జమ కట్టాలి, చెప్పకపోతే ఎంపిక అరువు ఇచ్చినవాడిది, ఇద్దరూ ఏమీ నిర్ణయించుకోకపోతే పాత బాకీ నుంచి వరుసగా. మన వ్యాపారి సెప్టెంబరు వసూళ్లలో పాత బిల్లులకు జమ కావలసిన 20 లక్షలు కొత్త బిల్లులకు జమ అయ్యాయనుకుంటే, గడువు తీరని బాకీ 165 లక్షలకు తగ్గి, దాటినది 85 లక్షలకు పెరిగి, సూచీ 74.5 నుంచి 69.1 శాతానికి పడిపోతుంది. వచ్చిన డబ్బు మాత్రం అదే 190 లక్షలు. పార్టీ నుంచి చెల్లింపు అందిన రోజునే ఏ బిల్లు నంబరుకో అడిగి రసీదు మీద రాసే దుకాణాల్లో ఈ తేడా తలెత్తదు. నెలాఖరున ఆన్ అకౌంట్ మొత్తం ఎంత మిగిలిందో చూస్తే, ఆ దుకాణం సూచీని ఎంతవరకు నమ్మవచ్చో తెలిసిపోతుంది.